అండాశయపు నీటిబుడగలు : పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

గ్రామ పంచాయతీ అనగానే మంచినీటి కుళాయిలు, మురుగు కాలువలు, వీధి దీపములు మనకు ముందుగా గుర్తునకు వచ్చును. ఇవి ముఖ్యమైన పనులే. అయితే 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయముల పట్టికనొకదానిని పదునొకండవ షెడ్యూలుగా చేర్చినది. ఆ పట్టికలో ఆరోగ్యము, కుటుంబ సంక్షేమము, స్త్రీ శిశు అభివృద్ధి కూడ కలవు. కావున గ్రామములోని ఆడపిల్లల ఆరోగ్యము పంచాయతీ సభ్యుని పనికి వెలుపలిది కాదు.

ఈ పాఠములో మేము వివరింపనున్న వ్యాధిని వైద్యులు పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అనియు, క్లుప్తముగా పి.సి.ఓ.ఎస్. అనియు పిలుతురు. మన ఊళ్లలో దీనినే "నీటిబుడగలు" అని చెప్పుకొనుట వాడుక. బిడ్డలను కనదగిన వయస్సులోనున్న ప్రతి పదిమంది స్త్రీలలో సుమారొకరికి ఇది యుండునని పలు దేశములలో జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. ఆ లెక్కన అట్టి వయస్సు స్త్రీలు ఐదువందల మంది గల గ్రామములో ఏబది మందికి ఈ వ్యాధి యుండవచ్చును. వారిలో ఎక్కువమందికి తమకది యున్నట్లే తెలియదు.

తెలియకపోవుటవలన కలుగు నష్టము శరీరముతో ఆగదు. బహిష్టు సరిగా రాని పిల్లకు కుదిరిన సంబంధము తప్పిపోవును. పెండ్లియై మూడేండ్లు గడచినను కడుపు పండని కోడలిని అత్తవారింట గొడ్రాలని ఆడిపోసికొందురు. ఊరూర తిరుగు మందులవానికి పుస్తెల తాడు అమ్మిన సొమ్ము చేరును. చివరకు తగవు పెద్దమనుషుల ఎదుటికి వచ్చును. ఆ పెద్దమనుషులలో మీరును ఒకరు. కావుననే ఈ విషయమును మీరు చక్కగా ఎరిగియుండుట అవసరము.

ఇది క్రొత్త వ్యాధియా?

"మా కాలమున ఇట్టి రోగములు లేవు. ఇవి పట్నపు తిండ్లవలన వచ్చినవి" అని పెద్దలనుట కద్దు. ఇందు కొంత నిజము లేకపోలేదు. కూర్చొని చేయు పనులు, నూనెపిండివంటలు, తీపి పానీయములు వ్యాధిని ముదిరించును. కాని వ్యాధి పాతదే. ఇటలీ దేశపు వైద్యుడు ఆంటోనియో వల్లిస్నేరి 1721లోనే ఇట్టి అండాశయములను వర్ణించియున్నాడు. ఆయన వర్ణించినది పట్నవాసపు స్త్రీని కాదు, సంతానము లేని ఒక పల్లెటూరి రైతు స్త్రీని. ఆమె అండాశయములు మామూలుకంటె పెద్దవై, తెల్లగా మెరయుచు, పావురపు గ్రుడ్లవలె ఉన్నవని ఆయన వ్రాసెను. తరువాత 1935లో అమెరికాలోని చికాగో నగరమున స్టెయిన్, లెవెంథాల్ అను ఇరువురు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరిశీలించి, బహిష్టు రాకుండుట, అవాంఛిత రోమములు, సంతానలేమి, పెరిగిన అండాశయములు అను లక్షణములు ఒకే వ్యాధికి చెందినవని చూపిరి. నేటి వైద్యజ్ఞానము ఆ పునాదిపై పెరిగినదే.

శరీరములో ఏమి జరుగును?

గర్భసంచికి ఇరుప్రక్కల రెండు అండాశయములుండును. వానిలో అండములను మోయు సన్నని సంచులు వేలకొలది కలవు. ప్రతి నెలసరిలోను వీనిలో కొన్ని పెరుగ నారంభించును. వానిలో ఒకటి మాత్రము పూర్తిగా పెరిగి, పగిలి, అండమును విడుదల చేయును. వరిమడిలో నారు ఎదిగి కంకి వేసినట్లుగా ఇది జరుగవలెను. పి.సి.ఓ.ఎస్. గల స్త్రీలో ఈ సంచులు సగము పెరిగి ఆగిపోవును. స్కానింగులో నల్లని చుక్కలవలె కనబడునవి ఇవియే. ఒక్కొక్కటి ఒక సెంటీమీటరు కంటెను చిన్నది. కావున వీనిని "నీటిబుడగలు" అనుటయే పొరపాటు. ఇవి గడ్డలు కావు, పుండ్లు కావు. కోసి తీసివేయవలసినవి కావు. అంతకన్న ముఖ్యముగా, ఇవి గర్భసంచిలో ఉండవు.

సంచులు ఎందుకు ఆగిపోవుచున్నవి? మూలము రక్తములోని హార్మోనులలో కలదు. ప్రతి స్త్రీ శరీరములోను పురుష హార్మోనులు కొద్దిపాటిగా ఉండును. ఈ వ్యాధిలో అవి మోతాదు మించును. అందుచేత గడ్డముపైన, పై పెదవిపైన, పొట్టపైన ముదురు రోమములు మొలచును, మొటిమలు పొడచూపును, తలవెండ్రుకలు పలుచబడును, అండము విడుదలకాదు.

దీనికి తోడుగా ఇన్సులిను కథ యొకటి కలదు. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. ఆ చక్కెరను కండలలోనికి పంపు తాళపుచెవివంటిది ఇన్సులిను. ఈ వ్యాధిగల చాలమంది స్త్రీలలో తాళము బిగిసిపోయి, ఒక తాళపుచెవి చేయవలసిన పనికి రెండు మూడు కావలసివచ్చును. శరీరము ఇన్సులినును అధికముగా తయారుచేయును. ఆ అధిక ఇన్సులిను అండాశయములను ప్రేరేపించి పురుష హార్మోనులను ఇంకను పెంచును. బరువు పెరిగినకొలది ఈ చక్రము వేగముగా తిరుగును.

ఈ సంగతి తెలిసినచో, ఇది కేవలము సంతానమునకు సంబంధించిన వ్యాధి కాదనియు, స్త్రీ జీవితమంతయు జాగ్రత్త కోరు శరీరవ్యాధి యనియు స్పష్టమగును. ఈ స్త్రీలకు మధుమేహము, రక్తపు పోటు ఇతరులకంటె ఎక్కువగాను, చిన్న వయస్సుననే గాను వచ్చు అవకాశము కలదు. దిగులు, నిరాశ కూడ వీరిలో అధికము. ఈ వ్యాధి కొంతవరకు వంశానుగతము. తల్లికి గాని అక్కచెల్లెండ్రకు గాని ఉన్నచో పిల్లకు వచ్చు అవకాశము హెచ్చు. ఇది పిల్ల చేసిన తప్పువలన గాని, దిష్టివలన గాని, ఎవరి శాపమువలన గాని వచ్చునది కాదు.

దినములను లెక్కించుట

గ్రామములో ఎట్టి యంత్రమును లేకుండ చేయదగిన పరీక్ష యొకటి కలదు. గోడకు వ్రేలాడు క్యాలెండరుపైన బహిష్టు మొదలైన దినమునకు గుర్తు పెట్టుటయే ఆ పరీక్ష. ఒక బహిష్టు మొదటి దినమునుండి మరుసటి బహిష్టు మొదటి దినమువరకు లెక్కింపవలెను. రక్తస్రావము ఆగిన దినమునుండి లెక్కించుట తప్పు.

ఒక ఉదాహరణ చూడుడు. పందొమ్మిదేండ్ల యువతి క్యాలెండరులో జనవరి 4, ఫిబ్రవరి 26, ఏప్రిల్ 9, జూన్ 8 తేదీలకు గుర్తులున్నవనుకొందము. మధ్యగల దినములు వరుసగా 53, 42, 60. పెద్దమనిషియై మూడేండ్లు దాటిన స్త్రీకి 21 దినములకు తక్కువ గాని 35 దినములకు ఎక్కువ గాని కాకుండ బహిష్టు రావలెను. సంవత్సరమునకు ఎనిమిది కంటె తక్కువసార్లు వచ్చినను క్రమము తప్పినట్లే. ఈమె లెక్కలో మూడు వరుసలును 35 దాటినవి. కావున ఈమె వైద్యుని చూడవలెను.

పెద్దమనిషియైన మొదటి సంవత్సరములో క్రమము తప్పుట సహజము, భయపడనక్కర లేదు. రెండవ, మూడవ సంవత్సరములలో 45 దినములవరకు ఎడము ఉండవచ్చును. మొదటి సంవత్సరము గడచిన పిదప ఏ ఒక్కసారియైనను 90 దినములు దాటినచో, లేక పదునైదేండ్లు నిండినను పిల్ల పెద్దమనిషి కానిచో వైద్యునికి చూపవలెను.

మరి యే గుర్తులను గమనింపవలెను? ముఖముపై ముదురు రోమములు, ఎంతకును తగ్గని మొటిమలు, నడుము చుట్టు పెరుగు కొవ్వు, మెడవెనుక మడతలలో నల్లగా మందముగా మారిన చర్మము. ఈ చివరి దానిని మురికియని తలచి తల్లులు రుద్దుచుందురు. అది మురికి కాదు. ఇన్సులిను ఎక్కువైనదను సూచన. ఈ వ్యాధిగల వారందరును లావుగా ఉందురనుకొనరాదు. సన్నని స్త్రీలకును ఇది యుండును.

వైద్యుడు ఎట్లు నిర్ణయించును?

మూడు లక్షణములలో రెండు ఉన్నచో వ్యాధి యున్నదని నిర్ణయింతురు: బహిష్టు క్రమము తప్పుట, పురుష హార్మోను అధికమైనట్లు శరీరముపైన గాని రక్తపరీక్షలో గాని కనబడుట, స్కానింగులో అండాశయములు ఆ విధముగా కనబడుట. ఈ పద్ధతి 2003లో యూరపులోని రాటర్‌డామ్ నగరమున జరిగిన వైద్యుల సమావేశములో రూపొందినది. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు దీనిని మెరుగుపరచినవి. మొదటి రెండు లక్షణములును ఉన్నప్పుడు స్కానింగు అవసరమే లేదు. పెద్దమనిషియై ఎనిమిదేండ్లు గడవని పిల్లలకు స్కానింగు చూచి ఈ వ్యాధిని నిర్ణయింపరాదని ఆ మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఏలయన ఆ వయస్సులో ఆరోగ్యవంతురాలి అండాశయములును అట్లే కనబడవచ్చును. పదునైదేండ్ల పిల్లకు ఒక్క స్కానింగు చేసి "బుడగలున్నవి" అని ముద్రవేయుట సరికాదు.

అదే లక్షణములు థైరాయిడ్ లోపమువలనను, మరికొన్ని హార్మోను దోషములవలనను కలుగవచ్చును. కావున వైద్యుడు ముందుగా వానిని, అట్లే గర్భమును, పరీక్షించి తొలగించును. గొంతు మారి మగగొంతుగుట, కొలది నెలలలోనే రోమములు విపరీతముగా పెరుగుట వంటివి కనబడినచో ఆలస్యము చేయక పెద్ద ఆసుపత్రికి పంపవలెను. అది వేరొక వ్యాధి కావచ్చును.

వ్యాధి నిర్ణయమైన పిమ్మట రక్తపు పోటు, బరువు చూచి, చక్కెర పరీక్ష చేయవలెను. ఈ పరీక్షకు 75 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల పిదప రక్తము తీయుట మేలైన విధానము. ఒకసారి బాగున్నదని ఊరకుండరాదు. ఒకటి నుండి మూడేండ్లకొకసారి మరల చూపించుకొనుట మంచిది.

ఔషధములు

ఈ వ్యాధిని ఒక్కసారిగా మాన్పు మందు లేదు. అట్లు మాన్పెదనని చెప్పువాని మాట నమ్మరాదు. కాని దీనిని చక్కగా అదుపులో ఉంచుకొని సుఖముగా జీవింపవచ్చును.

బహిష్టు క్రమపడుటకును, రోమములు, మొటిమలు తగ్గుటకును హార్మోను మాత్రలు ఇత్తురు. ఇవి గర్భనిరోధక మాత్రలే యగుటచే పెండ్లికాని పిల్లకు ఇచ్చినప్పుడు తల్లిదండ్రులు కలవరపడుదురు. ఇందు తప్పేమియు లేదు. ఇవి ఇచ్చట ఔషధముగా పనిచేయుచున్నవి. వీనిని వాడి మానినంత మాత్రమున సంతానశక్తి పోదు. అయితే రక్తపు పోటు, కొన్ని రకముల తలనొప్పి, రక్తము గడ్డకట్టు స్వభావము ఉన్నవారికి ఇవి పనికిరావు. కావున వైద్యుని చూడక మందుల దుకాణమున కొని వాడరాదు. రోమములపై మందుల ఫలితము తెలియుటకు కనీసము ఆరు నెలలు పట్టును. ఈలోగా రోమములను గొరిగించినను దారముతో తీయించినను మరింత మందముగా మొలచునన్నది వట్టి మాట.

ఇన్సులిను పనిని సరిచేయుటకు మెట్‌ఫార్మిన్ అను మాత్ర వాడుదురు. ఇది మధుమేహమునకు చిరకాలముగా వాడుకలోనున్న చౌకయైన మందు. మొదట కొన్నాళ్లు కడుపులో త్రిప్పుట, విరేచనములు కలుగవచ్చును. చిన్న మోతాదుతో మొదలుపెట్టి, భోజనముతో తీసికొన్నచో చాలవరకు సర్దుకొనును.

నెలల తరబడి బహిష్టు రాకున్నను "నొప్పి లేదు, బాధ లేదు, హాయిగానే యున్నది" అని కొందరు స్త్రీలు ఊరకుందురు. ఇది ప్రమాదము. గర్భసంచి లోపలి పొర నెలనెలా రాలిపోవలసినది రాలక మందమగును. పిదప ఒక్కసారిగా అధిక రక్తస్రావమై రక్తహీనత కలుగును. ఏండ్ల తరబడి ఇట్లే సాగినచో ఆ పొరకు క్యాన్సరు వచ్చు అవకాశము పెరుగును. అది అరుదే యైనను నివారింపదగినది. మూడు నెలలకొకసారియైనను బహిష్టు వచ్చునట్లు చూచుకొనవలెను.

గర్భసంచి తీయించుట వైద్యము కాదు

తెలుగు నేలపై ఈ మాటను ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలను చూచినచో, గర్భసంచి తీయించుకొన్న స్త్రీల శాతము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో దేశపు సగటునకు రెండింతలు దాటియున్నది. "నీటిబుడగలున్నవి, సంచి తీసివేసిన పీడ వదలును" అను సలహా ఏ స్త్రీకి వినబడినను, ఆమె మరియొక వైద్యుని, వీలైనచో ప్రభుత్వ ఆసుపత్రిలోని స్త్రీవైద్య నిపుణురాలిని, అడిగి తెలిసికొనవలెను. ఈ వ్యాధి గర్భసంచిలో పుట్టలేదు. సంచి తీసివేసినను ఇన్సులిను దోషము అట్లే యుండును. మధుమేహపు భయము అట్లే యుండును. పోవునవి సంతానపు ఆశయు, అప్పుచేసి తెచ్చిన సొమ్మును మాత్రమే.

ఇంటిలో చేయదగినవి

అధిక బరువుగల స్త్రీ తన బరువులో నూటికి ఐదు పాళ్లు తగ్గినను మేలు కనబడును. అరువది కిలోల స్త్రీకి అది మూడు కిలోలు మాత్రమే. మన దేశస్థులకు చక్కెర వ్యాధి తక్కువ బరువునందే వచ్చుచున్నందున కొలత కూడ తక్కువగానే పెట్టుకొనవలెను. 150 సెంటీమీటర్ల ఎత్తుగల స్త్రీ 52 కిలోలు దాటినచో అధిక బరువు మొదలైనట్లే. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లకు లోబడియుండుట మంచిది.

ఆహారములో ఫలానా వస్తువే ఈ వ్యాధికి మందు అనునది లేదు. ఉపవాసములతో కృశింపనక్కర లేదు. పళ్లెములో అన్నపు రాశిని తగ్గించి, ఆ చోటును పప్పుతోను, ఆకుకూరలతోను, కాయగూరలతోను, గ్రుడ్డు లేక చేపతోను నింపిన చాలును. తెల్లని బియ్యమునకు బదులు ఒక పూట జొన్నరొట్టెయో కొఱ్ఱల అన్నమో తినవచ్చును. తీపి పానీయములు, బేకరీ తినుబండారములు, రోజునకు నాలుగైదుసార్లు చక్కెర టీలు మానవలెను. ఇంటిలో అందరును తినిన పిమ్మట మిగిలిన అన్నమును పచ్చడితో తినుట మన స్త్రీలలో చాలమందికి అలవాటు. ఈ అలవాటే కడుపునిండ అన్నమును, కొరతగా పప్పును మిగుల్చుచున్నది. ఆమెకు పప్పు, కూర ముందుగా తీసియుంచుట ఇంటివారి బాధ్యత.

వారమునకు 150 నిమిషములు, అనగా ఐదు దినములు అరగంట చొప్పున, చురుకుగా నడవవలెను. బడి పిల్లలకు రోజునకు గంటసేపు ఆట కావలెను. నాట్లు వేయుచు, కలుపు తీయుచు దినమంతయు శ్రమించు స్త్రీకి నడకను బోధింప నక్కర లేదు. కాని నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములలో చాటముందు కూర్చొని బీడీలు చుట్టు స్త్రీలు, కుట్టుమిషను ముందు దినమంతయు గడపు స్త్రీలు, చదువులకై గదిలో కూర్చుండు పిల్లలు కదలవలసియున్నది. బరువు తగ్గకున్నను వ్యాయామమువలన ఇన్సులిను బాగుగా పనిచేయును. సన్నని స్త్రీలకును కావున ఇది మేలే.

సంతానము గూర్చి

ఈ వ్యాధిగల స్త్రీ గొడ్రాలు కాదు. చాలమంది మందులు లేకుండగనే గర్భవతులగుదురు. కొంత ఆలస్యము కావచ్చును. అవసరమైనచో అండము విడుదలకు లెట్రోజోల్ అను మాత్రను వైద్యుని పర్యవేక్షణలో వాడుదురు. ఎక్కువమందికి పెద్ద ఖర్చుతోకూడిన చికిత్సలు అక్కరరావు. బహిష్టు క్రమము లేకున్నను అండము ఎప్పుడైనను విడుదల కావచ్చును. కావున బిడ్డలు వద్దనుకొన్న దంపతులు కుటుంబ నియంత్రణ పద్ధతిని పాటింపవలెను.

సంతానలేమిలో సుమారు సగము సందర్భములలో పురుషుని లోపము కూడ పాలుపంచుకొనును. భర్తకు చేయు వీర్యపరీక్ష సులభము, తక్కువ ఖర్చుతో కూడినది. భార్యను పది ఆసుపత్రులు త్రిప్పుటకు ముందు ఈ పరీక్ష చేయించుట న్యాయము.

గర్భము నిలిచిన వెంటనే ఏ.ఎన్.ఎం. వద్ద పేరు నమోదు చేయించి, తనకు ఈ వ్యాధి యున్నదని చెప్పవలెను. గర్భిణీ దశలో మధుమేహము, రక్తపు పోటు వచ్చు అవకాశము వీరికి ఎక్కువ యగుటచే పరీక్షలు తప్పరాదు.

"పెండ్లి చేసినచో అన్నియు సర్దుకొనును" అను మాట కూడ వినబడుచుండును. పెండ్లివలన హార్మోనులు మారవు. ఈ నెపముతో పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి బాల్య వివాహ నిషేధ చట్టము ప్రకారము నేరము.

తగవు మీ ఎదుటికి వచ్చినప్పుడు

సంతానము లేదను కారణముతో భార్యను పుట్టింటికి పంపుట, మారుమనువునకు సిద్ధపడుట, దానికి పెద్దల సమ్మతి కోరుట ఇప్పటికిని కొన్నిచోట్ల జరుగుచున్నది. అట్టి సమయమున సభ్యులు మూడు సంగతులు మరువరాదు.

మొదటిది, 1955 నాటి హిందూ వివాహ చట్టములో విడాకులకు చెప్పిన కారణములలో సంతానలేమి లేదు. రెండవది, ఆ చట్టము వర్తించువారు భార్య జీవించియుండగా, వివాహము కోర్టులో రద్దుకాకుండ, మరియొక పెండ్లి చేసికొనుట చెల్లదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షను క్రింద అది శిక్షార్హము కూడ. ఊరి పెద్దలు వ్రాయించిన కాగితము దీనిని మార్చజాలదు. మూడవది, బిడ్డలు లేరని గాని మగబిడ్డ లేడని గాని స్త్రీని ఎగతాళి చేయుట, అవమానించుట 2005 నాటి గృహహింస నిరోధక చట్టములో హింసగా స్పష్టముగా పేర్కొనబడినది.

ఇట్టి తగవులో పంచాయతీ సభ్యుడు చేయదగిన మేలు తీర్పు చెప్పుట కాదు. "ముందు ఇరువురును ఆసుపత్రికి వెళ్లి పరీక్షలు చేయించుకొనుడు" అని దారి చూపుటయే. స్త్రీ వ్యాధి వివరములను నలుగురిలో అడుగరాదు; చెప్పించరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి. ఈ పనిలో మహిళా సభ్యులు ముందుండినచో తల్లులు, పిల్లలు నోరు విప్పి మాటలాడుదురు. మేము సూచించు పనులివి:

1. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఆశా కార్యకర్త ఆ కమిటీలో సభ్యురాలు. దినముల లెక్కను ఆమె ద్వారా ఇంటింటికి చేర్చవచ్చును.

2. నెలనెలా అంగన్‌వాడీలో జరుగు ఆరోగ్య, పోషణ దినమున కౌమార బాలికల బరువు, ఎత్తు చూచి, క్యాలెండరు గుర్తులను గూర్చి చెప్పునట్లు ఏర్పాటు చేయుడు.

3. 2014లో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమము 10 నుండి 19 ఏండ్ల వారి కొరకు ఉద్దేశింపబడినది. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో ఆ సలహా ఏ దినమున లభించునో తెలిసికొని పాఠశాల గోడపై వ్రాయించుడు.

4. ముప్పది యేండ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రక్తపు పోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయుదురు. పురుషులతోపాటు స్త్రీలును వచ్చునట్లు చూడుడు.

5. ఉన్నత పాఠశాలలోను, కస్తూర్బా బాలికా విద్యాలయములోను ఆటస్థలము ఆడపిల్లలకు అందుబాటులో నున్నదా, సాయంత్రము స్త్రీలు నిర్భయముగా నడచుటకు వెలుగుగల దారి యున్నదా పరిశీలించుడు. వీధి దీపము కూడ ఔషధమే.

6. దిగులుతో కుమిలిపోవు స్త్రీలకు 14416 అను టెలిమానస్ ఉచిత ఫోను సంఖ్యను తెలియజేయుడు. మనస్సుకు సంబంధించిన సలహా ఆ సంఖ్యపై తెలుగులో లభించును.

7. పేర్ల జాబితా తయారుచేసి ప్రకటించుట వంటి పనులు ఎన్నడును చేయకుడు. రహస్యము వెలువడు ఊరిలో ఏ పిల్లయు రెండవసారి సలహాకు రాదు.

వీనిలో చాలవాటికి పెద్ద నిధులు అక్కరలేదు. క్యాలెండరు ప్రతి యింటను కలదు. ఉపకేంద్రము సమీపముననే కలదు. లెక్కించుట, సకాలమున పంపుట, గుట్టు కాపాడుట అను మూడు పనులను గ్రామము అలవరచుకొన్నచో ఎందరో ఆడపిల్లలు నిందనుండియు, అప్పునుండియు, రాబోవు మధుమేహమునుండియు తప్పించుకొనగలరు.

సమావేశములో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమునకు దగ్గరగా స్త్రీవైద్య నిపుణురాలు ఎచ్చట, ఏ దినములలో లభించును? అచ్చటికి పోవు బస్సు వేళలేవి?

2. గత సంవత్సరము మన ఆరోగ్య కమిటీ ఎన్నిసార్లు కూడినది? కౌమార బాలికల విషయము ఎన్నిసార్లు చర్చకు వచ్చినది?

3. బహిష్టు, సంతానము గూర్చి మన ఊరిలో వాడుకలోనున్న ఏ మాటలు స్త్రీలను నొప్పించుచున్నవి? వానిని మాన్పుటకు సభ్యులుగా మనము మన యిండ్లలో ఏమి చేసితిమి?